83కీ 84కీ మధ్య

అమెరికాలో జె.డి. పవర్ అనే సర్వే సంస్థ కొత్త కార్ల తొలినాటి నాణ్యత మీద ఏటా ఒక నివేదిక ఇస్తుంది. కారు కొన్న మొదటి 90 రోజుల్లో యజమానులకు ఎదురైన సమస్యలన్నీ అడిగి, ప్రతి 100 కార్లకు ఎన్ని సమస్యలో బ్రాండు వారీగా లెక్క తేలుస్తుంది. అంకె ఎంత చిన్నదైతే బ్రాండుకు అంత మంచి పేరు. 2016 నివేదికలో మొదటి స్థానం కియాకు దక్కింది. 100 కార్లకు 83 సమస్యలు. రెండో స్థానంలో పోర్ష, 84. పరిశ్రమ మొత్తానికి సగటు 105. విలాసవంతమైన ఖరీదు కార్లు కాక మామూలు జనం కొనే బ్రాండు ఒకటి ఆ పట్టికలో ముందు నిలబడటం 27 ఏళ్లలో అదే మొదటిసారి కనుక, కియా పోర్షను దాటేసిందన్న కబురు ప్రపంచమంతా తిరిగింది.

మరుసటి ఏడు, 2017 ఏప్రిల్‌లో, అదే కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం లేచింది. 2019 ఆగస్టు 22న సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. డిసెంబరు 5న కర్మాగారానికి లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. మదనపల్లె దగ్గరున్న మన కురబలకోట స్టేషన్లో రైలెక్కి పాకాల–ధర్మవరం మార్గంలో ధర్మవరం దాకా వెళ్లి, అక్కడ బెంగళూరు వైపు తిరిగితే దారిలోనే పెనుకొండ. అమెరికా పట్టికలోని బ్రాండు ఆ విధంగా మన పొరుగుదైంది. బెంగళూరులో కొలువు చేసే పిల్లలున్న ఇల్లయినా, టమాటా ధర కలిసొచ్చిన రైతు ఇల్లయినా, కారు కొనాలనుకున్నాక ముందుగా చూసేది ఫోనులో ఏ బండికి ఎన్ని నక్షత్రాలున్నాయో అన్నదే. కాబట్టి 83కీ 84కీ మధ్య ఉన్న ఆ ఒక్క అంకె నిజంగా ఏమైనా చెబుతోందా అన్నది ఈ ప్రాంతం వాళ్లు అడగదగిన ప్రశ్నే.

ఆ అంకెను విప్పి చూద్దాం. 2016 సర్వేలో జవాబిచ్చినవారు 80 వేలకు పైగా. 30కి పైగా బ్రాండులకు వాళ్లను పంచితే ఒక్కో బ్రాండుకు సుమారు 2,500 మంది వస్తారు. అన్ని బ్రాండులకూ సమానంగా ఉండరు. అయినా లెక్క కోసం 2,500 అనే అనుకుందాం. ఒక కారులో సగటున 0.83 సమస్య అంటే, కొన్నింట్లో అసలేమీ లేవు, కొన్నింట్లో ఒకటి, ఏ కొద్దింట్లోనో మూడు నాలుగు. ఇలా అప్పుడప్పుడు జరిగే వాటి లెక్కకు సాంఖ్యక శాస్త్రం ముందుగా వాడి చూసేది పాయిజాన్ విభాజనం. దీనికో సులువైన గుణం ఉంది: సగటు ఎంతో విస్తృతి, అంటే విలువలు ఎంత చెదిరి ఉన్నాయన్న కొలత, కూడా అంతే. అందువల్ల 0.83ను 2,500తో భాగించి వర్గమూలం తీస్తే చాలు, ఆ సగటు ఎంత ఊగగలదో తెలిసిపోతుంది. 100 కార్ల లెక్కన అది 1.8. సాంఖ్యకులు మామూలుగా పెట్టుకునే 95 శాతం భరోసా కావాలంటే దానికి రెండింతలు తీసుకోవాలి. అప్పుడు కియా అసలు అంకె 79కీ 87కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. పోర్షది 80కీ 88కీ మధ్య.

రెండు అంతరాలూ దాదాపు పూర్తిగా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రెండు బ్రాండుల నాణ్యత అచ్చంగా ఒక్కటే అయినా, ఎవరు జవాబిచ్చారన్న యాదృచ్ఛికత వల్లనే ఒక అంకె లేదా అంతకు మించిన తేడా కనబడే సంభావ్యత 70 శాతం. ఒక్క అంకె తేడాను నమ్మకంగా తేల్చాలంటే ఒక్కో బ్రాండు నుంచి 64 వేల మంది కావాలి. మొత్తం సర్వేలో పాల్గొన్నవాళ్లే 80 వేల చిల్లర. పైగా చెడ్డ కారు ఒకే సమస్యతో ఆగదు, నాలుగు వెంటబెట్టుకుని వస్తుంది. అసలు విస్తృతి పాయిజాన్ లెక్క చెప్పినదానికంటే పెద్దదే అవుతుంది కనుక పైన చెప్పిన అంతరాలు ఇంకా వెడల్పవుతాయి.

అలాగని ఆ పట్టికను తీసిపారేయకూడదు. కియా 83కీ పరిశ్రమ సగటు 105కీ మధ్య 22 అంకెల దూరం ఉంది. ఊగిసలాట 1.8 ఉన్నచోట 22 అంటే పన్నెండింతలు. అదృష్టం కొద్దీ అంత తేడా రాదు. ఆ ఏడు కియా మంచి బ్రాండుల వరసలో ఉందన్నది గట్టి మాట. అందరికన్నా ముందుందన్నది వట్టి మాట. ఒకే పట్టికలోని అంకెలు కొన్ని గట్టివి, కొన్ని బోలువి అవుతాయన్నది నా ఉద్దేశంలో ఈ విషయం మొత్తానికి మూలం. ఏది గట్టిదో ఏది బోలుదో సగటును చూస్తే తెలియదు. సగటు చుట్టూ ఉన్న విస్తృతి చెప్పాలి.

జవాబుల సంఖ్య పెంచకుండా, ఏదో తెలివైన సూత్రంతో ఈ ఊగిసలాటను తగ్గించలేమా? ఒక హద్దును దాటి తగ్గించలేమని నిరూపించినవారు తెలుగువారు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ముగించి, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారతీయ సాంఖ్యక సంస్థలో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా గణిత సమాజం పత్రికలో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. చేతిలో ఉన్న దత్తాంశంలో ఎంత సమాచారం ఉందో కొలవవచ్చు, పక్షపాతం లేని ఏ అంచనా విస్తృతీ ఆ సమాచారం విధించిన హద్దు కంటే కిందికి దిగదు అన్నది అందులోని ఒక ఫలితం. క్రామర్–రావు హద్దుగా ఈనాడు ప్రపంచమంతా చదువుకునేది దాన్నే. సాంఖ్యక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి 2023లో ఆయనకు వచ్చింది, ఆ ఆగస్టులోనే కన్నుమూశారు.

కారు నక్షత్రాలకు ఆ హద్దును అన్వయించి చూద్దాం. యజమానులిచ్చే రేటింగుల క్రమ విచలనం, అంటే విస్తృతికి వర్గమూలం, 0.9 నక్షత్రం అనుకుందాం. పది మంది ఇచ్చిన సగటు అటూ ఇటూ 0.6 దాకా ఊగుతుంది. అంటే 4.2 అని కనబడేది 3.6 కావచ్చు, 4.8 కావచ్చు. ఊగిసలాటను 0.1కి దించాలంటే 312 మంది కావాలి. వెబ్‌సైట్లు 4.37, 4.41 అని రెండు దశాంశాలు చూపిస్తుంటాయి. 40 మంది అభిప్రాయాల నుంచి తీసిన సగటులో ఆ రెండో దశాంశం ముగ్గులో చుక్కలాంటిది, అలంకారానికి ఉంటుంది.

రెండు బ్రాండులను పోల్చడం దాకా ఇది చాలు. బజారులో మాత్రం డజనుకు పైగా బ్రాండులుంటాయి. ఎక్కువ గుంపులను ఒకేసారి పోల్చడానికి రోనాల్డ్ ఫిషర్ ఒక పద్ధతి తయారుచేశారు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఎరువుల వల్ల దిగుబడి పెరిగిందా, నేల తేడా వల్ల పెరిగిందా అన్న తగువు తీర్చడానికి పుట్టిన పద్ధతి అది. 1925లో అచ్చయిన ఆయన పుస్తకంతో లోకమంతా పాకింది. తర్వాత కేంబ్రిడ్జిలో రావుగారి పరిశోధనకు గురువు కూడా ఈ ఫిషరే. విస్తృతి విశ్లేషణ అని మన పాఠ్యపుస్తకాలు దీన్ని పిలుస్తాయి. బ్రాండుల సగటుల మధ్య ఉన్న తేడాను, ఒకే బ్రాండు లోపల యజమానికీ యజమానికీ మధ్య ఉన్న తేడాతో భాగిస్తుంది. ఆ నిష్పత్తి ఒకటి దగ్గర్లో ఉంటే బ్రాండు అన్న చీటీ ఏమీ చెప్పడం లేదని లెక్క.

ఒక ఊహా సర్వే తీసుకుందాం. కురబలకోట, అంగళ్లు, మదనపల్లె కలిపి అయిదు బ్రాండుల కార్లున్నవాళ్లను, బ్రాండుకు 40 మంది చొప్పున, 200 మందిని అడిగాం. సగటులు వరసగా 4.2, 4.1, 4.0, 3.9, 3.8 వచ్చాయి. చూడటానికి మెట్లు కట్టినట్టుంది. ఏ పత్రికైనా దీన్ని ఒకటి నుంచి అయిదు దాకా ర్యాంకులిచ్చి వేసేస్తుంది. ఒక్కో బ్రాండు లోపల క్రమ విచలనం 0.9 అయితే లోపలి విస్తృతి 0.81. సగటుల మధ్య తేడాల నుంచి లెక్కకట్టిన విస్తృతి సరిగ్గా 1. నిష్పత్తి 1.23. నాలుగు, 195 స్వాతంత్ర్య స్థాయిలకు ఆ నిష్పత్తి 2.42 దాటితేనే 5 శాతం స్థాయిలో సార్థకమంటారు. మన మెట్లు ఆ గడప దగ్గరికి కూడా రాలేదు. అయిదు బ్రాండులూ ఒకటే అయినా నూటికి 30 సార్లు ఇలాంటి మెట్లు వాటంతటవే ఏర్పడతాయి.

ఇప్పుడు అవే సగటులు 40 మందికి బదులు బ్రాండుకు 400 మందిని అడిగితే వచ్చాయనుకోండి. నిష్పత్తి పదింతలై 12.3 అవుతుంది. సార్థకత విషయంలో ఇక అనుమానం లేదు, బ్రాండుల మధ్య నిజమైన తేడా ఉంది. కంపెనీ ప్రకటనల విభాగం సంతోషపడే చోటు ఇదే. కానీ ఇదే దత్తాంశాన్ని మరో ప్రశ్న అడగాలి. 2,000 మంది రేటింగుల్లో కనబడే మొత్తం వైవిధ్యంలో బ్రాండు వల్ల వచ్చినదెంత? లెక్క వేస్తే 2.4 శాతం. మిగిలిన 97.6 శాతం ఆ కారు, ఆ యజమాని, ఆ రోడ్డు, ఆ మెకానిక్కు, ఆ రోజు. మొదటి బ్రాండు యజమానుల్లో అసంతృప్తులు బోలెడంత మంది ఉంటారు, చివరి బ్రాండులో మురిసిపోయేవాళ్లూ బోలెడంత మంది. తేడా ఉందా అన్నది ఒక ప్రశ్న, తేడా ఎంత అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి చెప్పినట్టు నటించడం రేటింగుల వ్యాపారంలో పాత అలవాటు.

ఇంకో చిక్కు జతల సంఖ్యలో ఉంది. అయిదు బ్రాండులుంటే పది జతలు. ఒక్కో జతకు 5 శాతం పొరపాటును ఒప్పుకుని పదింటినీ విడివిడిగా పరీక్షిస్తే, ఎక్కడో ఒకచోట లేని తేడా ఉన్నట్టు కనబడే అవకాశం సుమారు 29 శాతానికి చేరుతుంది. పద్నాలుగు బ్రాండులైతే 91 జతలు. ఇక వెతికినవాడికి ఏదో ఒక సంచలన వార్త దొరకకుండా పోదు. అన్ని జతలనూ కలిపి ఒకే హద్దు పెట్టే పద్ధతిని జాన్ టూకీ 1950ల్లో ఇచ్చారు. దాన్ని వాడకుండా రాసిన పోలిక కథనాన్ని నేను సగం నమ్మకంతోనే చదువుతాను.

అసలు నక్షత్రాలను కూడి భాగించవచ్చా అన్న మౌలిక సందేహం వేరే ఉంది. నాలుగు కిలోల టమాటా రెండు కిలోలకు రెట్టింపు. నాలుగు నక్షత్రాల తృప్తి రెండు నక్షత్రాల తృప్తికి రెట్టింపని ఎవరూ అనలేరు. అమెరికన్ మనస్తత్వవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో కొలమానాలను నాలుగు జాతులుగా విడదీసినప్పుడు, వరస మాత్రమే తెలిసి దూరం తెలియని కొలతలను ఒక జాతిగా వేరుచేశారు. నక్షత్రాలు ఆ జాతివే. వాటికి సగటు చెప్పడం కంటే ఎంత మంది ఎన్నేసి ఇచ్చారో పరిచి చూపడం నిజాయితీ. ఒక బ్రాండుకు వందకు వంద మందీ నాలుగు నక్షత్రాలిచ్చారు. ఇంకోదానికి 75 మంది అయిదు, 25 మంది ఒకటి ఇచ్చారు. రెండింటి సగటూ 4.0. మొదటిది ఎవరినీ ఏడిపించని బండి. రెండోది కొన్న ప్రతి నలుగురిలో ఒకరికి తలనొప్పి. రోజూ బెంగళూరు వెళ్లిరావాల్సిన ఇంటికి ఈ రెండూ ఒకటి కావు. ఇలాంటి చోట క్రుస్కల్, వాలిస్ 1952లో ప్రతిపాదించిన ర్యాంకుల పరీక్ష ఒక మార్గం. నక్షత్రాల పంపిణీ మొత్తాన్నే పోల్చే కై వర్గ పరీక్ష మరో మార్గం.

తక్కువ మంది రేటింగిచ్చిన బ్రాండు పట్టికలో పైకి ఎగబాకడం అందరూ గమనించేదే. పది మంది కొని పదిమందీ బాగుందంటే 100 శాతం. 400 మందిలో 360 మంది బాగుందంటే 90 శాతం. వందే గొప్పదని పట్టిక అంటుంది. ఎడ్విన్ విల్సన్ 1927లో ఇచ్చిన సూత్రం ప్రకారం మొదటిదాని అసలు శాతం 72 నుంచి 100 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, రెండోది 87 నుంచి 93 మధ్య. కింది హద్దులను బట్టి వరస పెడితే 87 పైకొచ్చి 72 కిందికి దిగుతుంది. రావుగారు 1948లో ప్రతిపాదించిన స్కోరు పరీక్షను వెనక్కి తిప్పి లెక్కిస్తే శాతాలకు వచ్చేది సరిగ్గా ఈ విల్సన్ అంతరమే. కలకత్తా, కేంబ్రిడ్జిల మధ్య పుట్టిన ఒక సూత్రం ఇవాళ కురబలకోటలో ఫోను చూసే మనిషికి ఏ కారు ముందు కనబడాలో తేల్చగలదు.

మరో దారి ప్రతి బ్రాండునూ ముందుగా మొత్తం సగటు వైపు కొంత లాగి ఉంచడం. అన్ని బ్రాండుల సగటు 4.0 అయితే, ప్రతిదానికీ 30 మంది ఊహా యజమానులు నాలుగేసి నక్షత్రాలు ఇచ్చినట్టు కలిపేయాలి. పది మంది అయిదేసి ఇచ్చిన బ్రాండు 5.0 నుంచి 4.25కి దిగుతుంది. 400 మంది సగటున 4.4 ఇచ్చినది 4.37 దగ్గర దాదాపు కదలకుండా ఉంటుంది. ఇది 1763లో అచ్చయిన బేస్ సిద్ధాంతం ఆలోచన. రావుగారి హద్దు పక్షపాతం లేని అంచనాలకే వర్తిస్తుంది కదా. ఇక్కడ తెలిసే కొంత పక్షపాతాన్ని ఒప్పుకుని మొత్తం పొరపాటును తగ్గించుకుంటున్నాం. ఆ 30 ఎక్కడి నుంచి వచ్చిందని గట్టిగా అడిగితే సమాధానం చెప్పగలిగి ఉండాలి, అంతే.

ఇప్పటిదాకా చెప్పినదంతా దత్తాంశం సక్రమంగా చేతికొచ్చాక చేసే పని. వచ్చిన దారిలోనే వంకర ఉంటే ఏ పరీక్షా దాన్ని సరిచేయదు. ఈ ప్రాంతానికి బాగా సరిపోయే వంకర ఒకటుంది. మదనపల్లె పట్టణంలో తారురోడ్ల మీద తిరిగే కార్లు వేరు, టమాటా తోటల దారుల్లో, మట్టిబాటల్లో, హార్స్‌లీ హిల్స్ ఘాటులో తిరిగే కార్లు వేరు. ఊహా లెక్కే చూద్దాం. మొదటి బ్రాండు ఎక్కువగా పట్టణం వాళ్లు కొన్నారు: పట్టణంలో 90 మందికి 81 మంది, పల్లెల్లో 10 మందికి అయిదుగురు తృప్తిగా ఉన్నారు. రెండో బ్రాండు ఎక్కువగా పల్లెవాళ్లు కొన్నారు: పట్టణంలో 20 మందికి 19 మంది, పల్లెల్లో 80 మందికి 48 మంది తృప్తిగా ఉన్నారు. మొత్తం కలిపితే మొదటిది 86 శాతం, రెండోది 67 శాతం. పందెం ముగిసినట్టే ఉంది. విడదీసి చూడండి. పట్టణంలో మొదటిది 90 శాతం, రెండోది 95. పల్లెల్లో మొదటిది 50, రెండోది 60. రెండు చోట్లా రెండో బ్రాండే మెరుగు, కలిపినప్పుడు మాత్రం ఓడిపోయింది. ఎగుడుదిగుడు బాటలకు పోయిన బండి ఆ బాటల నిందనంతా తన మీద వేసుకుంది. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో వివరించిన ఈ విపర్యాసానికి ఆయన పేరే నిలిచిపోయింది. జాతీయ స్థాయి పట్టిక ఏ బ్రాండును తక్కువచేసినా, దాన్ని ఎవరు ఎక్కడ తోలుతున్నారో చూడకుండా ఒప్పుకోలేం.

జవాబిచ్చేదెవరన్నది ఇంకో వంకర. షోరూంలో తాళాలు చేతికిచ్చేటప్పుడో, సర్వీసు అయిన మర్నాడు ఫోను చేసో, పదికి పది ఇవ్వండి సార్ అని బతిమాలడం కారున్న ప్రతి ఇంటికీ అనుభవమే. ఉద్యోగి ప్రోత్సాహకం ఆ పది మీద ఆధారపడినప్పుడు అతను అడగక మానడు, మనం ఇవ్వక మానం. అలా అన్నీ పదులే వచ్చిన దత్తాంశంలో విస్తృతి చచ్చిపోతుంది. విస్తృతి చచ్చిపోయినచోట ఫిషర్ నిష్పత్తికి అర్థం ఉండదు. దీనికి ఎదురుగా, ఎవరూ అడగకుండా తనంత తాను రాసే మనిషి చాలాసార్లు మండిపోయి ఉన్నవాడో ఉప్పొంగిపోయినవాడో అయి ఉంటాడు. మధ్యస్థంగా తృప్తిపడ్డ పెద్ద గుంపు రాయదు. పైగా మన దగ్గర కారు ఒకరిది, స్టీరింగు ఇంకొకరిది అయిన ఇళ్లు తక్కువేమీ కావు. మైలేజీ ఓనరుకు పడుతుంది, క్లచ్చి బరువు డ్రైవరుకు తెలుస్తుంది, వెనక సీటు ఇరుకు అవ్వతాతలకు తెలుస్తుంది. రేటింగు ఓనరు ఫోను నుంచే పోతుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ వినియోగదారుల సమీక్షలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. సమీక్ష రాసిన మనిషి నిజమైనవాడో కాదో సరిచూడటం, డబ్బిచ్చి రాయించినవి ప్రచురించకపోవడం వంటివి అందులో ఉన్నాయి. తెచ్చినప్పుడు పాటించడం స్వచ్ఛందం. దొంగ సమీక్షలను అది ఏరివేయగలదేమో కానీ, రాయకుండా ఊరుకున్న నిజమైన యజమానులను తీసుకురాలేదు.

ఎప్పుడు అడిగారన్నదీ అంతే ముఖ్యం. 90 రోజుల్లో కారుకు వచ్చే జబ్బులు వేరు, మూడేళ్లకు వచ్చేవి వేరు. జె.డి. పవర్ కూడా మూడేళ్లు వాడిన కార్ల మన్నిక మీద విడిగా ఇంకో నివేదిక ఇస్తుంది. తొలినాటి నాణ్యత నివేదికలో పాడైన భాగమూ సమస్యే, వాడటానికి తికమకగా ఉన్న భాగమూ సమస్యే. తెర మీద పాటలు మార్చడం చేతకాకపోయినా ఒకటే, గేర్లు పడకపోయినా ఒకటే. కొత్త సాంకేతికత ఎక్కువగా పెట్టిన బండికి సమస్యలు ఎక్కువ కనబడటంలో వింతేమీ లేదు. 1936 నుంచి ఉన్న అమెరికా వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ ప్రకటనలు తీసుకోకుండా, తన సభ్యులనే గడిచిన 12 నెలల్లో వచ్చిన తీవ్రమైన ఇబ్బందుల గురించి అడుగుతుంది. ఒకే బ్రాండు ఒక పట్టికలో పైన, ఇంకో పట్టికలో కింద ఉంటే ఎవరో అబద్ధమాడినట్టు కాదు. అడిగిన ప్రశ్నలు వేరు.

ఇక ఢీకొట్టి చూసి ఇచ్చే నక్షత్రాలు పూర్తిగా మరో జాతి. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో భారత్‌లో తయారైన సెల్టోస్‌కు పెద్దల రక్షణలో మూడు నక్షత్రాలు వచ్చాయి. యజమానులు దాన్ని ఇష్టపడటానికీ ఆ మూడుకీ సంబంధం లేదు. గోడను గుద్దితే ఏమవుతుందో గోడను గుద్దని యజమాని చెప్పలేడు. 2023 అక్టోబరు 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ ఇదే పని మన దేశంలోనే చేస్తోంది. రెంటినీ నక్షత్రాలే అనడం వల్ల కొనేవాడు కలిపేసుకుంటున్నాడు.

వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకుని ఈ ప్రాంతానికే ఒక సర్వే చేయాలంటే ఎలా ఉండాలి? కురబలకోట మండలంలోని అంగళ్లులోనే ఇంజనీరింగ్ కళాశాల ఉంది. ప్రాజెక్టు కోసం అంశాలు వెతుక్కునే విద్యార్థులకు ఇంతకంటే దగ్గర్లో ఉన్న పని లేదు. కదిరి నుంచి అంగళ్లు, మదనపల్లె, పుంగనూరు మీదుగా కుప్పం దాటి కృష్ణగిరికి పోయే 42వ నంబరు జాతీయ రహదారే సర్వేకు వెన్నెముక అవుతుంది. చిక్కల్లా ఎవరిని అడగాలో జాబితా దొరకడంలో ఉంది. రవాణా శాఖ రిజిస్ట్రేషన్లు ఒక జాబితా. అయితే సరిహద్దు దగ్గర కాబట్టి కర్ణాటక నంబరుతో ఇక్కడే తిరిగే కార్లు అందులో ఉండవు. పార్కింగుల్లో నంబరు ప్లేట్లు చూసి ఏరుదామంటే, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒక్కటే ఇవ్వడం మొదలయ్యాక ప్లేటు చూసి జిల్లా చెప్పే కాలం పోయింది. అందుకని ఊళ్లను యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఎంచుకున్న ఊళ్లో కారున్న ప్రతి ఇంటి తలుపూ తట్టడమే మిగులుతుంది. పట్టణాన్నీ పల్లెలనూ ముందే వేరు స్తరాలుగా పెట్టుకుంటే సింప్సన్ ఉచ్చులో పడకుండా తప్పించుకోవచ్చు. మూడేళ్లు నిండిన కార్లనే తీసుకోవాలి. ఓనరునూ తోలేవాళ్లనూ విడివిడిగా అడగాలి. తృప్తి ఎంత అని కాక, గడిచిన ఏడాదిలో షెడ్డుకు ఎన్నిసార్లు పోయింది, ఎంత ఖర్చయింది, రోడ్డు మీద ఆగిపోయిందా అని అడిగితే నక్షత్రాల జాతి సమస్య కూడా చాలావరకు తీరుతుంది.

నక్షత్రాలే కావాలంటే, రెండు బ్రాండుల మధ్య తేడాను అటూ ఇటూ 0.2 లోపు తెలుసుకోవడానికి బ్రాండుకు 156 మంది కావాలి. అయిదు బ్రాండులకు 780. చేయలేని సంఖ్యేమీ కాదు. ఇక్కడ మహలనోబిస్ బెంగాల్ జనపనార పంట సర్వేల్లో వాడిన ఉపాయం ఒకటి పనికొస్తుంది. విద్యార్థులను రెండు బృందాలుగా చీల్చి, అవే ఊళ్లలో, ఒకరికొకరు సంబంధం లేకుండా, చెరి 390 మందిని అడగమనాలి. రెండు బృందాల మొత్తం సగటుల మధ్య తేడా యాదృచ్ఛికంగా 0.13 దాకా రావచ్చు. అంతకు మించితే బ్రాండుల పట్టిక వేయడం అక్కడితో ఆపి, ఏ బృందం ఏ ఇంట్లో ఏ ప్రశ్న ఎలా అడిగిందో ముందు తిరగేయాలి.